ఇంటి కంప్యూటర్‌కి గింప్ చాలు

ఇంట్లో ఫొటోలు బాగుచేసుకోవడానికి ఫొటోషాప్ లాంటి నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో ఉన్నది 8 జీబీ ర్యామ్‌తో పాత ఐ3 కంప్యూటర్. దాని మీద గింప్ (GIMP) అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ హాయిగా నడుస్తోంది, పైగా పూర్తిగా ఉచితం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక షాపతను ఫొటోషాప్ దొంగ కాపీ వేసిస్తానన్నాడు. వద్దన్నాను. దాంతోపాటు వైరస్ వస్తే కుటుంబం ఫొటోలన్నీ పోతాయి. గింప్‌ని కూడా దాని సొంత సైట్ నుంచే దించుకోండి.

నా పనంతా పాత ఫొటోలతోనే. అమ్మమ్మ, తాతయ్య పెళ్లయిన కొత్తలో పబ్లిక్ గార్డెన్స్‌లో దిగిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటుంది. మడత పడి తాతయ్య చెంప మీదుగా తెల్లటి గీత వచ్చింది. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేశాను. గింప్‌లో మచ్చలు, గీతలు మాన్పే హీల్ టూల్ తీసుకుని, కంట్రోల్ నొక్కి పట్టుకుని, చెంప మీద బాగున్న చోట ఒక క్లిక్. తర్వాత చిన్న బ్రష్‌తో గీత వెంబడే మెల్లగా వెళ్లాలి. చుట్టూ ఉన్న వెలుగునీడల్లో అది చక్కగా కలిసిపోతుంది. అయితే గీత కళ్లజోడు ఫ్రేమ్‌ని దాటే చోట హీల్ మసక చేసేస్తుంది, అక్కడ ఒక చోటుని ఉన్నదున్నట్టు కాపీ చేసే క్లోన్ టూలే వాడాలి. పుట్టుమచ్చని మాత్రం ముట్టుకోలేదు. అది పోతే ఆయన మా తాతయ్యలా ఉండడు! అన్నట్టు, అసలు ఫొటో ఉన్న లేయర్‌కి (పొరకి) నకలు తీసుకుని దాని మీదే పని చేయండి.

తెలుగు అక్షరాల విషయంలోనూ గింప్ నాకు నచ్చింది. చెల్లి సీమంతం కార్డుకి రామరాజ, మండలి ఫాంట్లు వాడాను. రెండూ యూనికోడ్ ఫాంట్లే, ఉచితంగా దొరుకుతాయి. ‘జ్యోత్స్న’ లాంటి పేరు కూడా ఒత్తులు చెదరకుండా వచ్చింది.

ఇబ్బందులూ ఉన్నాయి. సేవ్ కొడితే గింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్ ఫైలే వస్తుంది. జేపీజీ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి, కొత్తవాళ్లకి ఇక్కడే టెన్షన్. ప్రింటింగ్‌లో వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో నేరుగా ఎడిట్ చేయడం కుదరదు కాబట్టి ప్రెస్సు పనులే ఎక్కువగా చేసేవాళ్లకి ఇది సరిపోదు. 2025లో వచ్చిన 3.0 వెర్షన్ గానీ, అంతకన్నా కొత్తది గానీ వేసుకోండి. వాటిలో ఫిల్టర్ (ఎఫెక్ట్) వేశాక కూడా వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు.

ఎవరైనా పీఎస్‌డీ (ఫొటోషాప్) ఫైలు పంపితే ఒక్కసారి చూసుకోవడానికి బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ (Photopea) అనే సైట్ చాలు. మా అబ్బాయికి బొమ్మలు గీయడమంటే ప్రాణం, వాడికి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రితా (Krita) పెట్టిచ్చాను. అదీ ఉచితమే.