ఆరు చక్రాలూ నేలకి ఆనాలి

మా అబ్బాయి జపాన్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి ఒక అట్టపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. "రోజంతా పళ్ళు చేస్తూనే ఉంటావుగా అమ్మా, ఇది నీకో లెక్కా" అన్నాడు. పెట్టె మీద నీలం రంగు రేసు కారు బొమ్మ ఉంది. వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు నాలుగు బుల్లి చక్రాలు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసుకునే కిట్టు అది, టమియా అనే జపాన్ కంపెనీది. 1/20 స్కేలు, అంటే అసలు కారులో ఇరవయ్యో వంతు. కారు పేరు టిర్రెల్ పి34, 1976లో జపాన్ గ్రాండ్ ప్రీ అనే ఫార్ములా వన్ రేసులో పరిగెత్తిన రూపం. అక్కడి షాపులో మన డబ్బుల్లో మూడు వేల లోపే పడిందట.

నేను రాజమండ్రిలో ఒక డెంటల్ ల్యాబ్‌లో 22 ఏళ్ళుగా క్యాపులు, బ్రిడ్జిలు చేస్తున్నాను. ప్లాస్టిక్ కిట్టు ముట్టుకోవడం ఇదే మొదటిసారి. ఆదివారాలూ, కొన్ని రాత్రులూ కలిపి మూడు నెలలు పట్టింది. ఒక్క మాటలో కావాలంటే, కొనుక్కోండి. కాకపోతే ఇది పిల్లల పుట్టినరోజుకి ఇచ్చే బొమ్మ కాదు. జిగురు, రంగులు పెట్టెలో ఉండవు, విడిగా కొనాలి. నాకు ప్రైమరు, రంగులు, వార్నిషు, మాస్కింగ్ టేపు అన్నీ కలిపి కిట్టు ధర ఎంతో దాదాపు అంతా మళ్ళీ అయింది.

పెట్టె తెరవగానే మా నాన్నగారు వచ్చి కూర్చున్నారు. ఆయనకి 81 ఏళ్ళు, ఒకప్పుడు కలప అడితి నడిపారు. పెట్టె మీది బొమ్మని ఎగాదిగా చూసి, "లారీకి ముందు రెండు, వెనక నాలుగు ఉంటాయి. దీనికి తిరగేసి బిగించారేంటే అమ్మడూ?" అన్నారు. టేకు దుంగలు లారీల మీంచి దింపించుకున్న మనిషి, ఆయనకి అలాగే కనిపిస్తుంది.

తిరగేయడానికి కారణం ఉంది. అప్పటి రూల్సు ప్రకారం రేసు కారు ముందు రెక్క, అంటే ముక్కు దగ్గర అడ్డంగా ఉండే పలక, వెడల్పు మీటరున్నరకి మించకూడదు. మామూలు ముందు చక్రాలు ఆ రెక్కకి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి గాలిని అడ్డుకుంటాయి. చక్రాల్ని ఆ రెక్క చాటున దాచేస్తే ఎలా ఉంటుందని డెరెక్ గార్డ్‌నర్ అనే డిజైనరు ఆలోచించాడు. దాచాలంటే చక్రం బాగా చిన్నదవ్వాలి. చిన్న చక్రాలు రెండే అయితే రోడ్డు మీద పట్టు చాలదు, బ్రేకులకీ చోటు ఉండదు. అందుకని నాలుగు పెట్టాడు. నిజం కారులో ఆ చక్రాలు టైరు కాకుండా 10 అంగుళాలు. కిట్టులో లెక్కేస్తే 12.7 మిల్లీమీటర్లు, అంటే దవడ పన్ను కన్నా కాస్త పెద్దవి. నాకు అలవాటైన సైజే.

పని అసలు రుచి తెలిసింది ఇంజిన్ దగ్గర. ఇది కాస్‌వర్త్ కంపెనీ డీఎఫ్‌వీ, మూడు లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది. 1967లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో మొదటిసారి రేసుకి దిగి, ఆ మొదటి రేసే జిమ్ క్లార్క్ నడిపిన లోటస్‌లో గెలిచిన ఇంజిన్. తరవాత మొత్తం 155 గ్రాండ్ ప్రీలు గెలిచింది. కిట్టులో ఇది చేతి వేలంత ఉంటుంది గానీ గాలి పీల్చే ఎనిమిది గొట్టాలూ వరసగా, అంచులు పలచగా వచ్చాయి. నేను అదనంగా చేసింది ఒక్కటే. మోటారు వైండింగ్ షాపులో 0.4 మిల్లీమీటర్ల రాగి తీగ జానెడు ముక్క అడిగి తెచ్చి, స్పార్క్ ప్లగ్గులకి ఎనిమిది వైర్లు లాగాను. 20 రెట్లు పెంచి చూస్తే 8 మిల్లీమీటర్లు అవుతుంది, అసలు వైరు లావుకి సరిపోతుంది. షాపతను డబ్బులు తీసుకోలేదు, ఎందుకని మాత్రం అడిగాడు. చెప్పాక కాసేపు నన్నే చూశాడు.

ఈ ఇంజిన్‌కి ఇంకో సంగతుంది. మామూలు కారులో ఇంజిన్ ఒక చట్రం మీద కూర్చుంటుంది. ఈ కారులో ఇంజినే చట్రం. డ్రైవరు కూర్చునే తొట్టి వెనక గోడకి ఇంజిన్‌ని నేరుగా బిగిస్తారు, దాని వెనక గేర్ బాక్సు, వెనక చక్రాల భారం ఆ రెండిటి మీదే. మా భాషలో చెప్పాలంటే బ్రిడ్జి పన్ను లాంటిది. మధ్యలో పన్ను లేదు, భారమంతా పక్క పళ్ళ మీద. అందుకని తొట్టికి ఇంజిన్ అతికించేటప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ తేడా చివర్న చక్రాల దగ్గర బయటపడుతుంది.

నాకూ బయటపడింది. అన్నీ అతికాక కారుని అద్దం పలక మీద పెడితే బానే నిలబడింది. నాలుగు చక్రాల కారైతే అక్కడితో వదిలేసేదాన్నేమో. ఆరు చక్రాలున్నప్పుడు ఒకటి గాల్లో ఉన్నా మిగతా ఐదూ మోసేస్తాయి, కంటికి తెలీదు. మా ల్యాబ్‌లో కొత్త క్యాపు ఎత్తుగా ఉందో లేదో చూడటానికి పళ్ళ మధ్య నీలం కార్బన్ కాగితం పెట్టి కొరికిస్తాం. ఆ కాగితం ముక్క ఒక్కో టైరు కింద పెట్టి మెల్లగా లాగాను. ఐదు చోట్ల పట్టుకుంది, ఎడమవైపు రెండో ముందు చక్రం దగ్గర మాత్రం జర్రున వచ్చేసింది. దాని ఇరుసు కొసని కాస్త అరగదీసి, ఇంకాస్త కిందికి దించి మళ్ళీ అతికించాను. అప్పుడు ఆరింటి కిందా కాగితం ఆగింది. ఈ కిట్టు కొనేవాళ్ళకి నేనిచ్చే సలహా ఒక్కటే అయితే ఇదే: ముందు చక్రాలు నాలుగూ ఆరకముందే అద్దం మీద పెట్టి సరిచూసుకోండి. కార్బన్ కాగితం దొరక్కపోతే సిగరెట్ పెట్టెలో ఉండే పలచని కాగితమైనా చాలు.

ఇక నా తెలివితక్కువ పనులు.

మొదటిది. తొట్టి మీద పడ్డ రంగు చుక్క తుడవడానికి చేతికి అందిందని ల్యాబ్ మోనోమర్ వాడాను. కట్టుడు పళ్ళ సెట్టు చేసేటప్పుడు పొడిలో కలిపే ద్రవం అది. రంగు పోయింది, దానితోపాటు కింది ప్లాస్టిక్కూ కరిగి బంకలా దూదికి అంటుకొచ్చింది. ఆలోచిస్తే, కిట్లకి వాడే పలచని జిగురు చేసేదీ ఇదే పని. అది రెండు ముక్కల్నీ అంచుల్లో కరిగించి ఒకటి చేస్తుంది, ఫెవిక్విక్‌లా పైన పట్టుకుని ఊరుకోదు. తెలిసిన సూత్రమే, తెలిసి తెలిసి చేశాను. పుట్టీ పెట్టి, అరగదీసి సరిచేయడానికి రెండు ఆదివారాలు పోయాయి.

రెండోది నీలం రంగు. విమానంలో స్ప్రే డబ్బాలు తేకూడదు కాబట్టి అబ్బాయి తేలేదు. ఆన్‌లైన్‌లో ఒక షాపులో తెప్పించిన రంగు సీసా దారిలోనే కారిపోయి పెట్టెంతా నీలంగా వచ్చింది. మళ్ళీ ఇంకోచోట కొన్నాను. షేడు కుదరడానికి, పన్ను రంగు పోల్చే నమూనాల పట్టీ, అంటే షేడ్ గైడ్, పళ్ళకి పట్టుకున్నట్టు ప్లాస్టిక్ చెంచాల మీద ఏడు రకాల నీలాలు కొట్టి, పెట్టె మీది ఫోటో పక్కన పెట్టి పగటి వెలుతురులో చూశాను. ట్యూబులైటు కింద ఎంచుకుంటే మోసపోతాం, అది పన్నైనా కారైనా. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌కి గాలి ల్యాబ్ కంప్రెసర్‌దే. ఆగస్టు నెల, గోదావరి ఒడ్డు, గాలిలో తేమ. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్ళు తీసేయడం మర్చిపోయి కొట్టేసరికి రంగు మధ్య నీటి చుక్కలు పడ్డాయి. మొత్తం తీసేసి మళ్ళీ మొదలు. ఈసారి సెప్టెంబర్‌లో, బాగా ఎండ కాసిన మధ్యాహ్నం చూసి కొట్టాను. మన కోస్తాలో వానాకాలం ఎయిర్‌బ్రష్ పట్టుకోకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మూడోది చెప్పుకోవాల్సిన పనిలేదు, పిల్లి సంగతి.

ఈ కారుకి నాకు బాగా నచ్చినవి పక్క కిటికీలు. డ్రైవరు కూర్చున్న చోటు నుంచి ఆ బుల్లి చక్రాలు కనపడవు. టైరు ఎలా ఉందో చూసుకోవడానికి తొట్టి పక్కగోడల్లో చిన్న కిటికీలు పెట్టారు. వాటికి కిట్టులో గాజులాంటి ముక్కలిచ్చారు. ఇక్కడ ఫెవిక్విక్ వాడితే దాని ఆవిరికి తెల్లబారిపోతాయి. మామూలు ఫెవికాల్ అగ్గిపుల్ల కొసతో అంచులకి రాస్తే చాలు, ఆరాక మరకే కనపడదు. నాన్నగారు పక్కనే ఉండి, "ఇన్ని సీసాలు తెచ్చావు, ఆఖరికి కర్ర జిగురే కదే పనికొచ్చింది" అని సంబరపడ్డారు.

కర్ర మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఈ కారు టీము యజమాని కెన్ టిర్రెల్ అసలు వ్యాపారం కలప. ఇంగ్లండులో సర్రే జిల్లా ఆకమ్ అనే ఊళ్ళో ఉన్న తన అడితిలోనే, షెడ్డుల్లో రేసు కార్లు తయారు చేయించాడు. కిట్టు చేసిన టమియా కథా అలాంటిదే. 1946లో షిజువోకా ఊళ్ళో రంపపు మిల్లు, కలప వ్యాపారంగా మొదలైంది. మిల్లు పక్కనే కర్ర బొమ్మలు మొదలుపెట్టి, తరవాత ఇంటి కలప అమ్మడం మానేసి, ఆ తరవాత ప్లాస్టిక్‌లోకి వచ్చారు. ఇది నాన్నగారికి చెప్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మనం తలుపులు, కిటికీలకే ఇచ్చాం కలప" అన్నారు. ఆయన గొంతులో విచారమో వేళాకోళమో నాకు తెలియలేదు.

డెకాల్స్ గురించి. నీళ్ళలో నానబెట్టి జార్చి అతికించే స్టిక్కర్లు ఇవి. ఆ కాలపు రేసు కార్లలో చాలావాటికి ఒళ్ళంతా సిగరెట్ కంపెనీల పేర్లే. అలాంటి కిట్లలో ఆ పేర్లు ఇవ్వకపోవడం మామూలే, విడిగా వెతుక్కోవాలి. టిర్రెల్‌కి డబ్బు పెట్టింది ఎల్ఫ్ అనే పెట్రోలు కంపెనీ కాబట్టి ఆ బాధ లేదు. గోరువెచ్చని నీళ్ళు వాడండి, తొందరపడకండి. ఫ్యాను వేస్తే డెకాల్ ఎగురుతుంది, ఆపితే చెమట దాని మీదే పడుతుంది. నేను తెల్లవారుజామున ఐదింటికి లేచి అతికించాను.

వాటిలో ఒకటి జపాన్ లిపిలో ఉంది. ఆ జపాన్ గ్రాండ్ ప్రీ ఫూజీలో కదా అని టీము తమ పేరుని అక్కడి అక్షరాల్లో కారు మీద రాయించింది. అబ్బాయిని ఫోన్‌లో అడిగితే చదివి చెప్పాడు: తా, ఇ, రె, రు. వాళ్ళకి 'ల' లేదు, 'న్' తప్ప ఇంకే హల్లు మీదా మాట ఆగదు, చివర అచ్చు రావాల్సిందే. మనం కారు, బస్సు, రైలు అన్నట్టే. "తాయిరేరు" అని నాన్నగారికి వినిపిస్తే, "సీలేరు పక్క ఏరా?" అన్నారు.

ఆ ఫూజీ రేసు 1976 అక్టోబర్ 24న, వానలో మొదలైంది. మారియో ఆండ్రెట్టి గెలిచాడు, ఈ ఆరు చక్రాల బండి మీద పాట్రిక్ డెపాయే రెండో స్థానంలో వచ్చాడు, మూడో స్థానంతో జేమ్స్ హంట్ ప్రపంచ ఛాంపియన్ అయిపోయాడు. డెపాయేది 4వ నంబరు కారు, నేను చేసిందీ అదే. 3వ నంబరు జోడీ షెక్టర్‌ది. ఆ ఏడు జూన్‌లో స్వీడన్ రేసులో షెక్టర్ మొదట, డెపాయే రెండు. ఆరు చక్రాల కారు గెలిచిన గ్రాండ్ ప్రీ అదొక్కటే. మరుసటి ఏడు కారు బరువెక్కింది. ఆ బుల్లి టైర్లు వాడే టీము ఇదొక్కటే కాబట్టి వాటిని మెరుగుపరిచే పనీ వెనకబడింది. 1977తో ఆపేశారు. 1983 నుంచి నాలుగు చక్రాలకి మించకూడదని రూలే వచ్చేసింది.

చేతి పని అలవాటున్నవాళ్ళకి, అంటే కంసాలి పని, గడియారాల రిపేరు, కుట్టుపని, మా పళ్ళ పని చేసేవాళ్ళకి, ఈ కిట్టు కొనుక్కోమని కళ్ళు మూసుకుని చెప్తాను. ముక్కలు ఒకదానిలో ఒకటి పొందికగా కూర్చుంటాయి, సూచనల పుస్తకం బొమ్మల్లోనే ఉంటుంది కాబట్టి భాష రాకపోయినా నడిచిపోతుంది. మొదటిసారి కత్తి పట్టుకునేవాళ్ళు మాత్రం ఇంతకన్నా తేలికైనది ఒకటి చేసి, ఆ తరవాత దీనికి రండి. లోహపు రేకులో చెక్కిన చిన్న ముక్కలు కూడా ఉన్నాయి, ఒకటి చేజారితే గచ్చు మీద దొరకదు. నాకు ఒకటి దొరకలేదు. దాని బదులు మందు బిళ్ళల అట్ట వెనక రేకు కత్తిరించి పెట్టాను. ఏదో చెప్పను, ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు.

కారు ఇప్పుడు హాల్లో టీవీ పక్కన, కొబ్బరి మిఠాయి వచ్చిన ప్లాస్టిక్ డబ్బా బోర్లించి దాని కింద ఉంది. నాన్నగారు వచ్చినవాళ్ళందరికీ చక్రాలు లెక్కపెట్టి చూపిస్తున్నారు. మొన్న అబ్బాయి ఫోన్ చేసి, ఈసారి ఇంకా పెద్ద స్కేలుది తెస్తానన్నాడు. ముందు సన్న మాస్కింగ్ టేపు నాలుగు చుట్టలు తెమ్మన్నాను.