కళ్లద్దాలు అక్కర్లేని త్రీడీ మానిటర్: ఒక్కరికే కనిపించే వింత

నేను పంపుల విడిభాగాలు డిజైన్ చేస్తాను. రోజంతా స్క్రీన్ మీద మోడల్‌ని అటూ ఇటూ తిప్పి చూడటమే పని. అందుకే ఈ 27 అంగుళాల 4కె త్రీడీ మానిటర్ కొన్నాను. నాలుగు నెలలైంది.

దీన్ని చూడటానికి కళ్లద్దాలు అక్కర్లేదన్నారు. నాకు చత్వారం, నా అద్దాలు నాకు ఎలాగూ తప్పవు. వాటి మీద ట్యూబ్‌లైట్ మెరిసిందంటే మానిటర్ పైనున్న కెమెరాలకి నా కళ్లు దొరకవు!

ఆ కెమెరాలే దీనికి ప్రాణం. తెర మీద సన్నటి నిలువు కటకాల పొర ఉంటుంది. అది ఒక వరుస పిక్సెల్స్‌ని ఎడమ కంటికి, పక్క వరుసని కుడి కంటికి పంపుతుంది. రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లే కాబట్టి తల కాస్త జరిగినా బొమ్మలు తారుమారవుతాయి. అందుకే కెమెరాలు కళ్లని వెంబడిస్తుంటే, బొమ్మలూ వాటితోపాటే జరుగుతాయి. ఒక్కో కంటికి వేరే బొమ్మ పంపే ఈ ఉపాయం పాతదే. అమెరికా ఆవిష్కర్త ఫ్రెడరిక్ ఐవ్స్ 1903లోనే సన్నటి గీతల అడ్డుతెరతో పేటెంట్ తీసుకున్నాడు. 2011 నాటి నింటెండో త్రీడీఎస్ అనే చేతి గేమ్ పరికరంలోనూ అడ్డుతెరే.

కుదిరినప్పుడు మాత్రం అద్భుతం. ఇంపెల్లర్ (పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రం) రెక్కల మధ్య సందు ఇరుకైందని పాత మానిటర్‌లో మోడల్‌ని కోసి చూస్తే గానీ తెలిసేది కాదు. ఇందులో కూర్చున్నచోటి నుంచే కనిపించింది.

కుదరనప్పుడు చికాకే. వెనక ఎవరైనా వచ్చి నిలబడితే ట్రాకింగ్ వాళ్ల మొహం మీదికి దూకుతుంది. ఒక అప్‌డేట్ వేశాక కుడి ఎడమలు మారిపోయి గుంటలన్నీ గుట్టల్లా కనిపించాయి. సపోర్ట్‌వాళ్లు సరిచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. నల్లటి నేపథ్యం మీద తెల్ల అంచులకి పక్కనే నీడ పడుతుంది, బూడిద రంగు పెడితే తగ్గింది. త్రీడీ ఆపినా కటకాలు అక్కడే ఉంటాయి కాబట్టి చిన్న అక్షరాల అంచులకి రంగులు అంటుకుంటాయి.

అరగంట దాటితే నుదురు లాగుతుంది. చూపు తెర మీద నిలవాలి, కళ్లు మాత్రం ముందుకొచ్చిన బొమ్మ దగ్గర కలవాలి మరి. లోతు సగానికి తగ్గించాక కొంత నయం.

ఇప్పుడు మెయిల్స్, డ్రాయింగ్‌లు పాత మానిటర్‌లోనే. మోడల్ పూర్తయ్యాక దీంట్లో పది నిమిషాలు చూస్తాను. ఐదుకి మూడు స్టార్లు. కొనేముందు మీ అద్దాలు పెట్టుకుని, వెనక ఒక మనిషిని నిలబెట్టి మరీ చూడండి.