స్కూల్ బోర్డుకు సొంత లాయరా, బయటి లా సంస్థా: ఏది మేలు?

అమెరికాలో ఫ్రిస్కో, ఎడిసన్ లాంటి ఊళ్లలో మన తెలుగు పిల్లలు చదివే ప్రభుత్వ బడుల బాధ్యత ఎన్నికైన స్కూల్ బోర్డుది. లాయర్‌కు ఇచ్చే ప్రతి డాలరూ ఆ బడుల బడ్జెట్‌లోంచే పోతుంది. అందుకే బోర్డు ఎవరిని పెట్టుకుంటుందో తల్లిదండ్రులు గమనించాలి.

బయటి సంస్థకైతే పని చేసిన సమయాన్ని బట్టి ఫీజు. చాలా సంస్థలు ఆరు నిమిషాలను ఒక ముక్కగా లెక్కేస్తాయి. గంటకు 300 డాలర్లు అనుకుంటే 18 నిమిషాల ఫోన్‌కు 90 అవుతుంది. ముగ్గురు సభ్యులు విడివిడిగా ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగితే ఒక్క జవాబుకు 270 కట్టాలి. బిల్లులో ఒకే తేదీన 0.3 గంట (అంటే 18 నిమిషాలు) మూడుసార్లు కనిపిస్తే ఆరా తీయండి. లాయర్‌కు ఎవరు ఫోన్ చేయొచ్చో, ప్రయాణ సమయానికి ఫీజు ఉందో లేదో ఒప్పందంలోనే రాయించుకోవాలి.

అదే రేటుకు నెలకు 60 గంటల పని ఉంటే ఏడాదికి 2,16,000 డాలర్లు. పని ఆ స్థాయికి చేరితే జీతానికి సొంత లాయర్‌ను పెట్టుకోవడమే మేలని మా లెక్క. డబ్బు కంటే పెద్ద లాభం, గొడవ ముదరకముందే ప్రిన్సిపాల్ వెళ్లి అడగగలగడం. ప్రత్యేక విద్య (వైకల్యం ఉన్న పిల్లల చదువు) కేసుల్లో ఇది మరీ ముఖ్యం. తల్లిదండ్రులు విచారణ కోరుతూ ఫిర్యాదు ఇస్తే, ఇరుపక్షాలూ వద్దనుకుంటే తప్ప, 15 రోజుల్లో రాజీ సమావేశం జరపాలి. వాళ్లు లాయర్‌ను తేకపోతే డిస్ట్రిక్ట్ (బోర్డు కింద ఉండే బడుల వ్యవస్థ) కూడా తేకూడదు. అంటే సిబ్బందిని ముందే సిద్ధం చేయాలి. కేసు ఓడితే అవతలి లాయర్ ఫీజు కూడా డిస్ట్రిక్టే కట్టాల్సి రావచ్చు.

అయితే బాండ్లు, నిర్మాణ ఒప్పందాలు, పెద్ద దావాలు అన్నీ ఒక్కరి వల్ల కావు. వాటికి బయటివాళ్లు ఎలాగూ కావాలి. చిన్న డిస్ట్రిక్ట్‌కు బయటి సంస్థ ఒక్కటే చాలు.

అసలు చిక్కు సూపరింటెండెంట్ (బోర్డు కింద డిస్ట్రిక్ట్‌ను నడిపే ప్రధాన అధికారి) దగ్గర వస్తుంది. లాయర్‌కు క్లయింట్ డిస్ట్రిక్టే తప్ప ఏ ఒక్క వ్యక్తీ కాదు. కానీ రోజూ సూపరింటెండెంట్ కింద పనిచేసే లాయర్‌, ఆయన కాంట్రాక్టు మీదో ఆయనపై వచ్చిన ఫిర్యాదు మీదో సలహా ఇస్తే ఎవరూ నమ్మరు. ఆ ఒక్క పనికి, ఖర్చుకు పరిమితి పెట్టి, బోర్డు వేరే లాయర్‌ను తెచ్చుకోవాలి. శాశ్వతంగా ఇద్దరిని పెడితే మాత్రం ప్రతిదానికీ రెండు సలహాలు, రెండు బిల్లులు.

లాయర్ ఎవరైనా, ఆయన రాసిన ఈమెయిల్‌ను సభ్యులు బయటివాళ్లకు పంపకూడదు. పంపితే ఆ సలహా ఇంకా గోప్యమేనా అన్నదానిపైనే కోర్టులో మరో వాదన మొదలవుతుంది.