డిస్నీల్యాండ్ రివ్యూ: మిక్కీ, టియానా, మధ్యలో మా నాన్న

మొన్న సెలవుల్లో అమ్మానాన్నల్ని తీసుకుని కాలిఫోర్నియాలోని అనాహైమ్ డిస్నీల్యాండ్‌కి వెళ్ళొచ్చాం. శాన్ హోసే నుంచి కార్లో ఆరు గంటల పైన పట్టింది, వెనక సీట్లో మా నాలుగేళ్ళది "వచ్చేసిందా, వచ్చేసిందా" అని ఒకటే గోల. రైడ్ల గురించి రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, నేను ఆ జోలికి పోను. వేషాలు కట్టి తిరిగే క్యారెక్టర్లని కలవడం గురించే రాస్తా, ఎందుకంటే చిన్నపిల్లలూ మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళూ కలిసి వెళ్తే అక్కడ ఎక్కువ టైం గడిచేది దాంతోనే.

టికెట్ మనిషికి వంద డాలర్ల పైమాటే. మూడేళ్ళ లోపు పిల్లలకి ఫ్రీ, పదేళ్ళు నిండితే పెద్దవాళ్ళ రేటే. నేను నాన్నకి చెప్పకుండా దాచా గానీ ఆయన ఎలాగో చూసేశాడు, రూపాయల్లోకి మార్చుకుని, పార్కు లోపలి మెయిన్ స్ట్రీట్ అనే వీధి సగం దాటేదాకా మాట్లాడలేదు.

పొద్దున్నే గేటు తీసే టైంకి వెళ్ళండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. లోపలికి రాగానే ఉండే టౌన్ స్క్వేర్‌లో మాకు మిక్కీ కార్టూన్లలో ఉండే కుక్క గూఫీ కనపడ్డాడు, ఎండ ఎక్కలేదు, జనం పలచగా ఉన్నారు. ఇంట్లో టీవీలో గూఫీని చూసి పొట్ట పట్టుకుని నవ్వే పిల్ల ఆ ఎత్తు మనిషిని, ఆ తలకాయని చూసి వాళ్ళ అమ్మమ్మ కొంగులో దూరిపోయింది. ఆయన దగ్గరికి రాలేదు. అక్కడే నేల మీద చతికిలబడి, అటు తిరిగి, చేతులతో కళ్ళు మూసుకున్నాడు, దాగుడుమూతల్లో దొంగలాగా. మళ్ళీ వేళ్ళ సందులోంచి తొంగిచూడటం, మూసుకోవటం. కాసేపటికి ఇది కొంగు వదిలి మెల్లగా వెళ్ళి ఒక్క వేలితో ఆయన బూటు ముట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చేసింది. ఆ బూటు ముట్టుకున్న కథ ఇంటికొచ్చాక నలభై సార్లు విన్నాం.

ఇదంతా చూసి నాన్న అన్నాడు, "మన పగటి వేషాలేగా ఇవి" అని. ఆయన చిన్నప్పుడు తెనాలి దగ్గర వాళ్ళ ఊళ్ళోకి పగటి వేషగాళ్ళు వచ్చేవాళ్ళట, రోజుకో వేషం, ఒకరోజు బుడబుక్కలవాడు, ఒకరోజు అర్ధనారీశ్వరుడు. వేషం కట్టాక వీధిలో ఎవరు ఏం కదిపినా ఆ వేషం మాటే మాట్లాడాలి గానీ సొంత మాట నోట్లోంచి రాకూడదు. చివరి రోజు ఇంటింటికీ వచ్చి సంభావన తీసుకునేవాళ్ళు. "వాళ్ళు ఆట అయ్యాక అడిగేవాళ్ళు తల్లీ, వీళ్ళు గేటు దగ్గరే లాగేశారు" అన్నాడు. టికెట్ రేటు ఇంకా అరగలేదన్నమాట.

కానీ డిస్నీల్యాండ్‌లో ఈ వేషాల పద్ధతి మొదటి రోజు నుంచీ ఇంత పక్కాగా లేదు. పార్కు తెరిచింది 1955 జూలై 17న, నారింజ తోటలు కొట్టేసి ఏడాదిలో లేపారు, కోటి డెబ్భై లక్షల డాలర్లు అయ్యింది. ఆ రోజు దొంగ టికెట్లతో జనం విరగబడ్డారు, ఎండకి తారు మెత్తబడి ఆడవాళ్ళ హీల్స్ దిగబడ్డాయి, ప్లంబర్ల సమ్మె దెబ్బకి తాగే నీళ్ళ కుళాయిలు చాలవు. మిక్కీ వాళ్ళ డ్రెస్సులు కూడా సొంతవి కావు, ఐస్ కెపేడ్స్ అని ఐస్ మీద స్కేటింగ్ షోలు వేసే కంపెనీ దగ్గర అరువు తెచ్చినవి. ఆ పాత ఫోటోలు వెతికి చూడండి, ముద్దొచ్చే మిక్కీ కాదు, నిజంగా పందికొక్కే. గూఫీకి జడిసిన మా పిల్ల అప్పుడుంటే పార్కు దాటి పారిపోయేది.

మిక్కీని కలవాలంటే పార్కులో టూన్‌టౌన్ అనే భాగంలో ఆయన ఇంటికే వెళ్ళాలి. టూన్‌టౌన్ 1993లో వచ్చింది, 2023లో మళ్ళీ కొత్తగా చేశారు. మేం నలభై నిమిషాలు నిలబడ్డాం గానీ లైను ఆయన ఇంట్లోంచే పోతుంది, గదులన్నీ చూసుకుంటూ నడవటమే కాబట్టి పిల్లలు విసిగించరు. మిక్కీ నోరు విప్పలేదు, అంతా సైగలే. ఆటోగ్రాఫ్ బుక్ తీసుకెళ్తే లావుపాటి పెన్ను కూడా పెట్టుకెళ్ళండి, ఆ గ్లవ్స్‌తో సన్న పెన్ను పట్టుకోవటం కష్టం. సంతకం పెడుతుంటే మా పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టి "ఇంకో వేలేదీ?" అంది తెలుగులో. మిక్కీకి నాలుగే వేళ్ళు, కార్టూన్లో కూడా అంతే. ఆయన తన చెయ్యి తనే అటూ ఇటూ తిప్పి చూసుకుని, వంగి నేల మీద వెతకటం మొదలుపెట్టాడు. భాష రాకపోయినా ఎలా పట్టుకున్నాడో ఏమో!

మధ్యాహ్నం ఎండకి మెయిన్ స్ట్రీట్ ఒపెరా హౌస్‌లో దూరండి, చల్లగా ఉంటుంది. అక్కడ ఒక పాత బెంచీ పెట్టారు, లాస్ ఏంజిలెస్ గ్రిఫిత్ పార్కుది. వాల్ట్ డిస్నీ తన ఆడపిల్లలు గుర్రాల రంగులరాట్నం ఎక్కితే ఆ పార్కులో బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ, పిల్లలతో పాటు పెద్దవాళ్ళు కూడా ఆడుకునే చోటు ఎందుకు లేదు అనుకున్నాడట, డిస్నీల్యాండ్ ఆలోచన అక్కడిదే అంటారు. తర్వాత మేం నీడ చూసుకుని డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తినేశాం. బయటి తిండి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు మాత్రం కుదరదు.

సాయంత్రం పార్కులోనే న్యూ ఆర్లీన్స్ స్క్వేర్ అనే చోట టియానా కనపడింది, 'ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్' అనే డిస్నీ సినిమాలో రాకుమార్తె. మిక్కీ, గూఫీ లాంటి ముసుగు వేషాలు మాట్లాడవు, రాకుమార్తెలు మాత్రం గలగలా మాట్లాడతారు. నాన్నకి ఆ సినిమా సంగతి తెలీదు. "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు, నేను ఇంగ్లీషులో చెప్పా. న్యూ ఆర్లీన్స్ అంది. ఏం పని చేస్తావమ్మా అంటే, పగలూ రాత్రీ హోటళ్ళలో పనిచేసి డబ్బులు కూడబెట్టి సొంత హోటల్ పెట్టుకున్నానంది, సినిమాలో కథే అది. ఈయన తలూపుతూ శ్రద్ధగా విని, నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించబోయి, కిరీటం చూసి ఆగిపోయాడు.

నేను చెప్దామనే అనుకున్నా. రాత్రి రూముకి వచ్చేసరికి ఆయన అప్పటికే ఊళ్ళో బాబాయికి ఫోన్ కలిపేశాడు. "న్యూ ఆర్లీన్స్ పిల్లట్రా, ఎంత కష్టపడి పైకొచ్చిందో! సొంత హోటల్ కూడా ఉందట, అయినా సాయంత్రాలు వచ్చి ఇక్కడ వేషం కడుతోంది పాపం" అంటున్నాడు.