రోడ్ ట్రిప్‌లో జియోకేషింగ్: ఇలా దిగి అలా తీసే బుల్లి డబ్బానా, నడిచి వెతికే పెద్ద పెట్టెనా? ఏది మేలు?

లాంగ్ డ్రైవ్ ఖాయం కాగానే యాప్ తెరిచి, దారి పొడవునా కనిపించే ఆకుపచ్చ గుర్తులన్నీ లిస్టులో వేసేసుకోవడం జియోకేషింగ్ పిచ్చి పట్టిన ప్రతి ఒక్కరూ చేసే పనే. నేనూ చేసేదాన్ని. ఒక్క రోజు ప్రయాణానికి ముప్ఫై కాష్‌లు, అంటే దాచిన డబ్బాలు, పెట్టుకుని బయల్దేరి, బాగా చీకటి పడ్డాక చేరి, ఎన్ని దొరికాయో లెక్క చూసుకుని సంబరపడేదాన్ని. ఇప్పుడు మా లిస్టులో నాలుగైదుకు మించి ఉండవు, అవి కూడా చాలావరకు కాస్త నడిచి వెళ్ళాల్సినవే.

ఈ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి దాని కోఆర్డినేట్లు, అంటే ఆ చోటు చెప్పే అంకెలు, యాప్‌లో పెడతారు, మిగతావాళ్ళు జీపీఎస్‌తో వెతికి, లోపలున్న కాగితం మీద పేరూ తేదీ రాసి, దొరికినట్టే మళ్ళీ దాచేసి వస్తారు. అంతే. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం మామూలు జనానికిచ్చే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని పెట్టిన తేడాను తీసేసింది. అప్పటిదాకా 100 మీటర్ల వరకూ తప్పు చూపించిన రిసీవర్లు ఒక్కసారిగా పనికొచ్చేలా మారాయి. ఆ మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్ దాచి, వెతుక్కోండని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ఇలాంటి కాష్‌లు 30 లక్షలకు పైగా ఉన్నాయి. దారిలో ఏది కనిపించినా ఆగుదామనుకుంటే ఇక ఊరు చేరినట్టే.

ముందు రోడ్డు పక్క బుల్లి డబ్బాల సంగతి. సైజు మైక్రో, అంటే పాత కెమెరా ఫిల్మ్ డబ్బా అంత, లేదా నానో, అంటే వేలి కొస అంత. దీపం స్తంభం కింద రేకు ఎత్తితేనో, సైన్ బోర్డు వెనక తడిమితేనో అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది. సుఖం ఏమిటంటే కారు పక్కనే పని అయిపోతుంది, డ్రైవర్ సీటు దిగక్కర్లేదు కూడా. కానీ ఆ డ్రైవర్ దిగకపోవడమే నాకు నచ్చని విషయం. రెండు గంటలు నడిపినవాళ్ళు కనీసం పావుగంట ఆగాలని బ్రిటన్ హైవే కోడ్ చెప్తుంది, మరి మనం పదిసార్లు ఆగినా మా ఆయన నడుముకి ఒక్కసారి కూడా విశ్రాంతి దొరకలేదు. పైగా రెండే నిమిషాలు అనుకుంటాం గానీ ఇండికేటర్ వేసి, చోటు చూసి ఆపి, వెతికి, సంతకం పెట్టి, మళ్ళీ బెల్టు పెట్టుకుని రోడ్డెక్కేసరికి మాకు ఏడెనిమిది నిమిషాలకు తక్కువ ఎప్పుడూ పట్టలేదు. పది కాష్‌లంటే గంటకు పైనే పోయింది.

ఇది టైమ్ గొడవే అయితే సర్దుకుపోయేదాన్నేమో. ఒక సాయంత్రం రోడ్డు అంచున ఇనుప రెయిలింగ్ వెనక, తాళంచెవులు దాచుకునే అయస్కాంతం పెట్టె దొరికింది. తీసి చూస్తే లోపల కాగితం చెమ్మకి మెత్తబడి చుట్టలా అతుక్కుపోయి ఉంది. గోటితో మెల్లగా విప్పుతున్నాను, ఇంతలో లారీ ఒకటి దూసుకుపోయింది, ఆ గాలికి కాగితం చేతిలోంచి ఎగిరిపోయింది. మా అబ్బాయి "అమ్మా, నేను పట్టుకుంటా" అంటూ రోడ్డు వైపు రెండడుగులు వేశాడు. కాలర్ పట్టుకుని వెనక్కి లాగాను. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బ్యాగులో ఉన్న కొత్త కాగితం ముక్క ఆ పెట్టెలో పెట్టి, జరిగింది కాష్ ఓనర్‌కి రాశాను. బండ్లు దూసుకుపోయే రోడ్డు అంచున ఉన్న కాష్ కోసం ఆరోజు నుంచీ మేం ఆగలేదు. పార్కింగ్ చోటు సరిగ్గా ఉంటేనే ఆగుతాం.

ఇక రెండో రకం: విశ్రాంతి స్థలం దగ్గరో, పార్కు దగ్గరో, అడవి బాట మొదట్లోనో కారు ఆపి, పది పదిహేను నిమిషాలు నడిచి వెళ్ళేవి. సైజు స్మాల్ లేదా రెగ్యులర్ అని ఉంటుంది. మాకు దొరికిన వాటిలో నాకు ఇప్పటికీ కళ్ళ ముందు మెదిలేది ఒక తూటాల పెట్టె, సైన్యం వాడి పక్కన పెట్టేసిన ఇనుప డబ్బా. పడిపోయిన మాను కింద, ఎవరో పేర్చినట్టున్న పుల్లల కుప్ప ఉంది. పుల్లలు అలా వరసగా పడవు కదా, మా అబ్బాయే ముందు కనిపెట్టాడు. కొక్కెం తీస్తే టప్ మని మోగింది. మూతకి రబ్బరు పట్టీ ఉండటంతో అంతకు ముందు రోజు పడ్డ వాన చుక్క కూడా లోపలికి పోలేదు, నోట్‌బుక్ పొడిగా ఉంది. గోళీలు, కీచైన్, ఒక చిన్న బొమ్మ, వాటితో పాటు నంబరు చెక్కిన ఒక లోహపు బిళ్ళ. అదే ట్రావెల్ బగ్. మిగతావి తీసుకుంటే దానికి సమానమైనది ఒకటి పెట్టాలి, తినేవి మాత్రం పెట్టకూడదు, జంతువులు వచ్చి డబ్బా పాడు చేస్తాయి. ట్రావెల్ బగ్‌కి బదులు పెట్టక్కర్లేదు, నంబరు సైట్‌లో నమోదు చేసి దాన్ని ముందుకు తీసుకెళ్ళి ఇంకో కాష్‌లో వదలాలి. దూర ప్రయాణంలో ఉన్న మనకంటే ఆ పని ఎవరు బాగా చేయగలరు? మేం ఆ రోజే 300 కిలోమీటర్లు దాటించాం. నానో డబ్బాలో అది పట్టదు.

డబ్బానే లేని రకం ఒకటుంది, ఎర్త్‌కాష్. 2004లో మొదలైంది. ఒక బండరాయి పొరల దగ్గరికో జలపాతం దగ్గరికో తీసుకెళ్ళి, అక్కడ నిలబడి చూస్తేనే జవాబు దొరికే ప్రశ్నలు అడుగుతారు, రాసి ఓనర్‌కి పంపాలి. డబ్బా పోయిందన్న టెన్షన్ లేదు, ఎలాగూ ఆగి చూసే చోటే ఉంటుంది. పిల్లలకి పెట్టె తెరిచే సరదా ఉండదు, అదొక్కటే లోటు. ఇంకో రకం పవర్ ట్రయల్స్: రెండు కాష్‌ల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్న నియమం ఉంది, దాన్ని పట్టుకుని దాదాపు అంతే దూరంలో వందల కొద్దీ వరసగా పెట్టిన దారులు. లెక్క పెంచుకోవాలనుకునేవాళ్ళకి బాగుంటాయి గానీ ఆ రోజంతా దానికే పోతుంది, దాన్ని ప్రయాణం మధ్యలో ఇరికించకండి.

నా తీర్పు అడిగితే, ఇంట్లోవాళ్ళతో వెళ్తుంటే రెండు గంటలకొకటి చొప్పున నడిచి వెళ్ళేవే మేలు. ఒంటరిగా, రాత్రి పూట, వానలో, లేదా వెనక సీట్లో పసిపిల్ల నిద్రపోతుంటే ఇంధనం కోసం ఆగిన చోటున్న మైక్రోనే మేలు, అప్పుడు అడవి బాట పట్టడం తెలివైన పని కాదు. ఏదైనా సరే బయల్దేరే ముందు రాత్రే చూసుకోవాలి. వెతకడం ఎంత కష్టం, దారి ఎంత కష్టం అని రెండు రేటింగులు 1 నుంచి 5 దాకా ఉంటాయి, ప్రయాణంలో రెండూ 2 లోపు ఉన్నవి చాలు. చివరి రెండు లాగ్‌లూ, అంటే అంతకు ముందు వెతికినవాళ్ళు యాప్‌లో రాసినవి, దొరకలేదు అని ఉంటే మేం వదిలేస్తాం. సిగ్నల్ ఉండని చోటైతే కోఆర్డినేట్లూ హింటూ కాగితం మీద రాసుకోండి. దగ్గరికెళ్ళాక బాణం గుర్తు అటూ ఇటూ తిరగడం మొదలుపెడుతుంది, ఫోన్ జేబులో పెట్టేసి కళ్ళతో వెతకండి, సహజంగా అలా ఉండని రాయి, అలా పడని ఆకులు కనిపిస్తాయి. పావుగంటలో దొరక్కపోతే దొరకలేదని లాగ్ రాసి కదలడమే, అది ఓనర్‌కి ఉపయోగపడే సమాచారం.

వచ్చే వారం తొమ్మిది గంటల డ్రైవ్ ఉంది. లిస్టులో నాలుగు పెట్టాను: రెండు రెగ్యులర్, ఒక ఎర్త్‌కాష్, ఇంధనం కొట్టించే చోట ఒక మైక్రో. ఒక ట్రావెల్ బగ్ డ్యాష్‌బోర్డులో సిద్ధంగా ఉంది, దాన్ని రెండో పెట్టెలో వదలాలా ఆఖరి దాకా తీసుకెళ్ళాలా అని మా అబ్బాయి ఇంకా తేల్చుకోలేదు.