రఖ్మానినోవ్ రెండో కాన్సర్టో: వాయింపు ఒకరిది, సౌండ్ ఇంకొకరిది

రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ రాసిన రెండో పియానో కాన్సర్టోకి (పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన కృతి) ఉన్నన్ని రికార్డింగులు చూస్తే తల తిరుగుతుంది. ఏది బాగుందో తేల్చుకోడానికి ప్రతిదీ అరగంట పైగా వినక్కర్లేదు లెండి, మొదటి రెండు మూడు నిమిషాలు చాలు. మొదలుపెట్టేది పియానో ఒక్కటే. ఎనిమిది బార్లు (ఆవర్తాలు), దూరంగా గంటలు కొడుతున్నట్టు కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే నోట్లు), చాలా మెల్లగా మొదలై ఫోర్టిసిమో దాకా, అంటే చాలా గట్టిగా, పెరుగుతాయి. ఆ ముక్క ఎవరు వాయించినా, ఎంత నాసిగా రికార్డ్ చేసినా బాగానే ఉంటుంది. అసలు సంగతి ఆ వెంటనే తెలుస్తుంది. వయొలిన్లు, వయోలాలు, క్లారినెట్ ట్యూన్ అందుకుంటాయి, పియానో వాటి కింద నోట్లు పరిగెత్తిస్తూ తోడు వాయిస్తుంది. హాల్లో కూర్చుని వింటే ఇక్కడ పియానో సగం మునిగిపోతుంది, అది పియానిస్టు తప్పు కాదు, రాసిన తీరే అంత. రికార్డింగులో మాత్రం పియానో దగ్గర ఇంకో మైకు పెట్టి ఎంత కావాలంటే అంత పైకి లేపొచ్చు. ఎంత లేపారన్న దాన్ని బట్టే నా మార్కులు.

ముందు అందరూ చెప్పేదే చెప్తాను: పియానో స్వియాతొస్లావ్ రిక్టర్, ఆర్కెస్ట్రా వార్సా ఫిల్హార్మోనిక్, కండక్టర్ విస్లొట్‌స్కీ, కంపెనీ డాయిష్ గ్రామఫోన్, 1959. ఆ మొదటి కార్డ్స్ ఎంత నిదానంగా వేస్తాడంటే, ఒకటి అయ్యాక ఇంకోటి వస్తుందా రాదా అని టెన్షన్ పుడుతుంది. ట్యూన్ వచ్చాక కూడా తొందరపడడు, కింద పరిగెత్తే ప్రతి నోటూ విడిగా వినిపిస్తుంది. అంత స్పష్టంగా ఎందుకు వినిపిస్తుందంటే సగం రిక్టర్ వేళ్ల వల్ల, సగం మైకు వల్ల. పియానో ముందుకొచ్చేసింది, ఆర్కెస్ట్రా వెనకబడింది, గట్టిగా వాయించే చోట తీగ వాయిద్యాలు పలచగా, కాస్త గరుగ్గా ఉంటాయి. వాయింపుకి దీన్ని మించింది నాకు దొరకలేదు. మీ స్పీకర్లు ఎలా ఉన్నాయో చూసుకోడానికి మాత్రం ఇది పెట్టకండి.

దానికి సరిగ్గా ఎదురు పియానిస్టు బైరన్ జానిస్, కండక్టర్ డొరాటి, మినియాపొలిస్ సింఫనీ ఆర్కెస్ట్రా, 1960, మెర్క్యురీ కంపెనీ వాళ్ల లివింగ్ ప్రెజెన్స్ సిరీస్ (కింద కూడా ఇదే వరస: పియానిస్టు, కండక్టర్, ఆర్కెస్ట్రా). మెర్క్యురీ వాళ్ల పద్ధతి తెలిసిందే, ఆర్కెస్ట్రా ముందు మూడు మైకులు, అంతే. తర్వాత కూర్చుని పియానో ఒక్కదాన్నే పెంచుదామంటే కుదరదు, బ్యాలెన్స్ ఏదో కండక్టరూ పియానిస్టూ హాల్లోనే చూసుకోవాలి. అందుకే ఇందులో పియానో మునగాల్సిన చోట మునుగుతుంది, తేలాల్సిన చోట తేలుతుంది. హాలు పొడిగా ఉంటుంది, ప్రతిధ్వని తక్కువ, మొదటిసారి వింటే ఇదేంటి ఇంత కరుకుగా ఉంది అనిపించొచ్చు. కాసేపు ఓపిక పడితే డబుల్ బేస్‌ల మీద బో (వాయించే కమాను) ఆనిన చప్పుడు కూడా దొరుకుతుంది. 1990లలో వచ్చిన సీడీలు ఆ రోజుల్లో సెషన్లు నడిపిన విల్మా కోజార్ట్ ఫైన్ స్వయంగా చేయించినవి, పాత కాపీ దొరికితే వదలకండి.

రూబిన్‌స్టైన్, రైనర్, చికాగో సింఫనీ, ఆర్సీఏ, 1956. స్టీరియో తొలిరోజులది, టేప్ హిస్ (టేపు నుంచి వచ్చే సన్నని 'స్స్' మోత) ఉంటుంది. అయినా వెచ్చని సౌండ్, చికాగో వాళ్ల క్రమశిక్షణ, ఎక్కడా పాకం కారదు. ఏడిపించే రఖ్మానినోవ్ కావాలనుకునేవాళ్లకి నచ్చకపోవచ్చు.

అష్కెనాజీ, ప్రెవిన్, లండన్ సింఫనీ, డెక్కా, 1970ల మొదట్లోది. నాలుగు కాన్సర్టోలూ కలిపి ఒకే సెట్‌గా వస్తాయి కాబట్టి కొత్తవాళ్లకి నేను ఇదే చెప్తాను. రికార్డ్ చేసింది కింగ్స్‌వే హాల్లో. ఆ హాలు సౌండ్‌కి ఎంత పేరో, కింద నుంచి వెళ్లే మెట్రో రైళ్లకీ అంతే పేరు. అక్కడ చేసిన చాలా రికార్డింగుల్లో నెమ్మదిగా సాగే చోట అడుగునుంచి ఒక గుడగుడ వస్తుంది, మీ సబ్‌వూఫర్ (బేస్ స్పీకర్) పాడైందని కంగారుపడొద్దు. సౌండ్ లోతుగా, నిండుగా ఉంటుంది. రెండో మూవ్‌మెంట్‌లో (రెండో భాగంలో) ఫ్లూట్, ఆ వెంటనే క్లారినెట్ ట్యూన్ తీసుకునే చోట ఒక్కో వాయిద్యం ఎంత దూరంలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు.

జిమర్‌మన్, ఒజావా, బోస్టన్ సింఫనీ. 2000లో చేసింది, టెక్నికల్‌గా పైవాటన్నిటికంటే శుభ్రం. కానీ పియానో మరీ పెద్దది. మొత్తం ఆర్కెస్ట్రా విరుచుకుపడుతున్నా పియానో మన ఒళ్లో కూర్చున్నట్టే ఉంటుంది, ఏ హాల్లోనూ అలా వినిపించదు. పైగా మెల్లని చోటుకీ గట్టి చోటుకీ తేడా ఎంతుందంటే, మొదటి కార్డ్ వినపడలేదని వాల్యూమ్ పెంచితే అర నిమిషంలో పరుగెత్తి తగ్గించాలి. వాయింపు అద్భుతం, అందులో మాట లేదు. ట్రిఫొనోవ్ ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో చేసిందీ బాగుంది గానీ, నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది కాదు.

పోల్చేటప్పుడు ఒక్కటి మర్చిపోవద్దు. వాల్యూమ్ సమానం చేసుకోండి. కాస్త ఎక్కువ గట్టిగా ఉన్నదే మన చెవికి మెరుగ్గా తోస్తుంది, చాలా రీమాస్టర్లు (పాత రికార్డింగుని మళ్లీ సరిచేసి వేసినవి) గెలిచేది ఆ కిటుకుతోనే. 24 బిట్, 192 కిలోహెర్ట్‌జ్ అని, అంటే సీడీ కంటే ఎక్కువ వివరం ఉందని, రాసి ఉన్న ఫైలుకి ఎక్కువ డబ్బు పెట్టేముందు కూడా ఆలోచించండి, 1959 టేపులో లేనిది ఏ ఫైలూ తెచ్చి పెట్టదు. మంచి టేపుని జాగ్రత్తగా ఎక్కించిన మామూలు సీడీ చాలు.

చివరగా రఖ్మానినోవ్ తానే వాయించింది, స్టొకోవ్‌స్కీ, ఫిలడెల్ఫియా, 1929. మోనో, 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే, అందుకే ముక్కలు అతికిన చోటు అక్కడక్కడా తెలుస్తుంది. బేస్ తక్కువ, వయొలిన్లు నోటు నుంచి నోటుకి జారే ఆ పాతకాలపు పద్ధతి కొందరికి నవ్వు తెప్పిస్తుంది. కానీ రిక్టర్ విన్నాక ఇది వింటే ఆశ్చర్యపోతారు, రాసినాయన అసలు ఎక్కడా ఆగడు, ఏడవడు, ట్యూన్‌ని తోసుకుంటూ ముందుకెళ్లిపోతాడు. దీనికి చాలా ట్రాన్స్‌ఫర్లు (ఆ పాత రికార్డుల్ని సీడీకి ఎక్కించినవి) ఉన్నాయి. గరగర అంతా తుడిచేసినవి వద్దు, ఆ గరగరతో పాటే పియానో పై స్వరాల మెరుపు కూడా పోతుంది. కొంచెం చప్పుడు వదిలేసినదే తీసుకోండి, ట్యూన్ మొదలయ్యేసరికి ఆ చప్పుడు మీకు వినపడటం మానేస్తుంది.