పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి తీసే లైఫ్ సర్టిఫికెట్: 70 రూపాయలకు ఏం దొరుకుతుంది

ఐదుకి నాలుగు మార్కులు. ఒకటి ఎందుకు కోశానో కింద రాశాను. పెన్షనర్లు, ముఖ్యంగా నాలాగా రెండు పెన్షన్లున్నవాళ్లు, కాస్త ఓపిగ్గా చదవండి.

నాది చిత్తూరు, మిట్టూరు. 1968లో బెంగళూరు వెళ్లి ఆర్మీ ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేరాను. పదిహేనేళ్లు చేసి 1983లో నాయక్‌గా బయటికొచ్చాను. తర్వాత మాజీ సైనికుల కోటాలో రెవెన్యూలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, పలమనేరు, బంగారుపాళెం, గంగాధర నెల్లూరు అన్నీ తిరిగి 2008లో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. వీధిలో సగం మంది మిలిటరీ ఆయన అంటారు, సగం మంది డీటీ సార్ అంటారు. పెన్షన్లూ అంతే. ఒకటి ప్రయాగరాజ్‌లోని మిలిటరీ పెన్షన్ల ఆఫీసు నుంచి, ఒకటి మన ట్రెజరీ నుంచి. బతికే ఉన్నానని ఇద్దరికీ ఏడాదికోసారి విడివిడిగా చెప్పుకోవాలి.

ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ 2020 నవంబర్‌లో ఈ సేవ మొదలుపెట్టింది. పోస్ట్‌మ్యాన్ గానీ గ్రామీణ డాక్ సేవక్ గానీ ఫోను పట్టుకుని ఇంటికే వచ్చి డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ తీస్తారు. జీఎస్టీతో కలిపి 70 రూపాయలు. ఆ బ్యాంకులో మీకు ఖాతా ఉండాల్సిన పని లేదు. పోస్ట్‌ఇన్ఫో యాప్‌లో కూడా అడగొచ్చంటారు. నేను మాత్రం మా వీధికి ఉత్తరాలిచ్చే అబ్బాయికే చెప్పాను. బట్వాడా ముగించుకుని మధ్యాహ్నం వచ్చాడు. ఆధార్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, పెన్షన్ పడే బ్యాంకు ఖాతా నంబరు, ఓటీపీ వచ్చే ఫోను దగ్గర పెట్టుకుంటే చాలు, జిరాక్సులేమీ అడగరు.

ముందు వేలిముద్ర. బొటనవేలు పట్టలేదు, చూపుడువేలూ పట్టలేదు. 1971 డిసెంబర్‌లో షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర మా 9 ఇంజనీర్ రెజిమెంట్ పని మందుపాతరలు తీసి ట్యాంకులకు దారి చేయడం. ఆ చలిలో, చీకట్లో, పైన గుండ్లు పడుతుంటే చేయాల్సిన పని అది. మా మేజర్ విజయ్ రతన్ చౌధురి అక్కడే పోయారు, ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. నా వేలిముద్రలు అప్పుడే అరిగిపోయాయని మా ఆవిడ చుట్టాలందరికీ చెబుతుంటుంది. అదేం కాదు. డెబ్భై దాటితే చాలామంది వేళ్లు ఇంతే, చెరుకు నరికిన చేతులైతే ఇంకా ముందే పోతాయి. రెవెన్యూలో ఉన్నప్పుడు ఎన్ని వేలిముద్రలు వేయించుకున్నానో, నాకా సంగతి తెలుసు.

అబ్బాయి టెన్షన్ పడలేదు. "మొహంతో తీద్దాం సార్" అన్నాడు. కళ్లజోడు తీయించి, వాకిట్లో వెలుతురుకి ఎదురుగా కుర్చీ వేయించి, ఫోను ముందు కళ్లు ఒకసారి మూసి తెరవమన్నాడు. అంతే, అయిపోయింది. వేలిముద్ర పడక నవంబర్‌లో బ్యాంకు బెంచీల మీద కూర్చున్న మనలాంటివాళ్లకి ఈ ఒక్క ఏర్పాటు చాలు. పలమనేరులో మా బ్యాచ్ ఆయన మంచంలోంచి లేవలేడు, ఆయనకూ ఇలాగే పడుకోబెట్టే తీశారు. మంచాన్ని మాత్రం తలుపు దగ్గరికి జరపాల్సి వచ్చింది.

మధ్యలో రెండు ప్రశ్నలుంటాయి. మళ్లీ ఉద్యోగంలో చేరారా, మళ్లీ పెళ్లి చేసుకున్నారా అని. రెండోది అడగడానికి అబ్బాయి నసిగాడు. మా ఆవిడ వంటింట్లోంచే, "ఈ వయసులో ఈయనకి ఎవురిస్తారు నాయనా పిల్లని, లేదని కొట్టు" అంది.

ఇక అసలు సంగతి. మొహం పట్టడం, ప్రమాణ్ ఐడీ అనే సర్టిఫికెట్ నంబరు మెసేజ్‌లో రావడం కాదు ముఖ్యం. ఆ సర్టిఫికెట్ ఎవరికి పోతుందన్నది ముఖ్యం. మిలిటరీ పెన్షన్లు ఇంతకుముందు బ్యాంకుల ద్వారా వచ్చేవి, ఇప్పుడు రక్షణ శాఖ సొంత ఆన్‌లైన్ పెన్షన్ ఏర్పాటు స్పర్శ్‌లోకి మారాయి. డబ్బు పడేది అదే బ్యాంకు ఖాతాలో కాబట్టి చాలామందికి మారిన సంగతే తెలియదు. ఫారంలో పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర బ్యాంకు పేరు కొడితే ప్రయాగరాజ్‌కి ఏమీ చేరదు. ఆర్మీవాళ్లు మంజూరు చేసిన అధికారి దగ్గర 'డిఫెన్స్ - పీసీడీఏ (పి) అలహాబాద్' అన్నది, ఇచ్చే సంస్థ దగ్గర స్పర్శ్ అన్నది ఎంచుకోవాలి. ఊరి పేరు మారినా అక్కడ అలహాబాద్ అనే ఉంటుంది, కంగారుపడొద్దు. పీపీఓ నంబరు కూడా పాత డిశ్చార్జి పుస్తకంలోది కాదు, స్పర్శ్ ఇచ్చిన 12 అంకెలది. మా స్నేహితుడొకాయన ఒక నెట్ సెంటర్‌లో 200 ఇచ్చి బ్యాంకు పేరుతో తీయించుకున్నాడు. ఐడీ వచ్చిందని నిశ్చింతగా ఉన్నాడు, పెన్షన్ ఆగాక గానీ తెలియలేదు. మా పోస్ట్‌మ్యాన్ అబ్బాయి నేను చెప్పకముందే "సార్, స్పర్శా, బ్యాంకా?" అని అడిగాడు. నాలుగు మార్కుల్లో రెండు ఆ ప్రశ్నకే.

నేను బంగారుపాళెం మండలాఫీసులో ఉన్నప్పుడు వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. ఒక ముసలామె పేరు పక్కన జాబితాలో 'మరణించినది' అని పడింది. అదే పేరు, అదే ఊరు, ఇంకో ఆమె పోయింది. ఈమె వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. మనిషి కళ్లెదుట ఉంది, తమలపాకులు నములుతోంది. కానీ ఫైలు కదలాలంటే విచారణ కావాలి. ఆ ఊరికెళ్లి, ఇద్దరు సాక్షులతో వాంగ్మూలం రాయించి, పై వ్యక్తి జీవించియున్నదని నివేదిక పెట్టాను. "నేను బతికుండానని వాళ్లని అడగతావేంది సామీ, నన్నడుగు" అంది. ఆమెకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. రూల్ అలా ఉంది. ఇప్పుడు ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం వాళ్లు ఇంటికెళ్లి 4,000 చేతిలో పెట్టి, అక్కడే వేలిముద్రో మొహమో తీసుకుంటున్నారు. విడిగా విచారణ లేదు, సాక్షులు లేరు.

ఒక మార్కు కోసింది ఎందుకంటే, చివరికి చేతిలో ఏ కాగితమూ ఉండదు. ఫోనుకి ఇంగ్లీషులో ఒక మెసేజ్ వస్తుంది. సర్టిఫికెట్ కావాలంటే జీవన్ ప్రమాణ్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఆ ఐడీతో దించుకోవాలి. అవతలివాళ్లు అంగీకరించారా, తిరస్కరించారా అన్నదీ అక్కడే చూసుకోవాలి. నాలాంటివాడు ఎలాగో చూస్తాడు. భర్త పోయి ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆడవాళ్లలో ఎంతమంది చూస్తారు? రసీదు సంస్కృతిలో బతికినవాణ్ణి, ఆఖరికి ఒక చిన్న చీటీ తెలుగులో ఇచ్చినా బాగుండుననిపిస్తుంది. అప్పటిదాకా ఆ మెసేజ్‌ని డైరీలో రాసి పెట్టుకోండి, కొన్నాళ్లాగి ఎవరిచేతైనా వెబ్‌సైట్‌లో చూపించుకోండి.

రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్‌కి ఈ నవంబర్ సర్టిఫికెట్ చెల్లదు. దానికి జనవరి, ఫిబ్రవరి నెలల్లో, ట్రెజరీ పేరుతో, ఆ పీపీఓ నంబరుతో మళ్లీ తీయించుకోవాలి. నవంబర్‌లో ఒకటి చేశాం కదా అని ఊరుకోవద్దు.

ఇంట్లో స్మార్ట్‌ఫోన్ వాడే పిల్లలుంటే ఈ 70 రూపాయలు కూడా అక్కర్లేదు. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అని రెండు యాప్‌లు ఎక్కించి, ముందు ఆపరేటర్‌గా వాళ్ల మొహం, తర్వాత మన మొహం చూపిస్తే ఉచితంగా అయిపోతుంది. మావాడు బెంగళూరులో ఉంటాడు. నవంబర్‌లో రమ్మంటే రాడు, సంక్రాంతికి వస్తాడు. కాబట్టి ప్రయాగరాజ్‌ది పోస్ట్‌మ్యాన్‌తో, ట్రెజరీది మావాడితో.